టిలమూక్ దారిలో గుండు కొట్టిన కొండ: కలపా కావాలి, సాల్మనూ కావాలి, ఎలా?

చిరుజల్లు (బీవర్టన్, ఆరెగాన్)

పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు సముద్రం చూడ్డానికి ఆరో నంబర్ హైవే మీద టిలమూక్ వైపు ఒక్కసారైనా వెళ్లే ఉంటారు. దారి పొడవునా విల్సన్ నది, రెండు పక్కలా డగ్లస్ ఫర్ చెట్లు. మొన్న ఊరి నుంచి అత్తయ్యావాళ్లు వస్తే వాళ్లనీ తీసుకెళ్లాం. ఒక మలుపు తిరగ్గానే కొండ కొండంతా గుండు. మొద్దులు, ఎండిన కొమ్మల కుప్పలు, మధ్యలో లారీల రోడ్డు. "ఇక్కడ కూడా దొంగ కలపేనా?" అని మామయ్య అడిగారు. కాదు మామయ్యా, టిలమూక్ స్టేట్ ఫారెస్ట్ అని బోర్డు ఉంది, అంటే ప్రభుత్వమే వేలం వేసి కొట్టించింది అని చెప్పాను. ఆయన మొహం చూడాలి.

ఒక పక్క సాల్మన్‌ని కాపాడుతున్నాం, గుడ్లగూబని కాపాడుతున్నాం అని బోర్డులు. ఇంకో పక్క ఇది. ఈ రెండూ ఎలా కుదురుతున్నాయో తెలిసినవాళ్లు చెప్పండి. దయచేసి తిట్టుకోకుండా.

సమామిష్ బాబాయ్ (వాషింగ్టన్)

కుదురుతాయి. ముందు మీ ఇంటి గోడ తట్టి చూడండి. లోపల ఇటుక ఉండదు, కర్రలుంటాయి. ఇక్కడ మనం కొనే ఇళ్లన్నీ కర్ర ఇళ్లే. ఆ కర్ర ఎక్కడో ఒకచోట నరకాల్సిందే. ఈ వానలకి డగ్లస్ ఫర్ బ్రహ్మాండంగా పెరుగుతుంది, కంపెనీల భూముల్లో నలభై యాభై ఏళ్లకే కోతకొస్తుంది. నరికినవాళ్లు మళ్లీ నాటాలని ఆరెగాన్‌లో 1971 నాటి చట్టం నుంచీ ఉన్న రూలే. మీరు చూసిన గుండునే ఓ పదిహేనేళ్లు పోయాక చూడండి, లోపలికి నడవడానికి కూడా సందు ఉండదు. నరికిన మర్నాడు ఫొటో తీసి అడవి పోయిందనడం, వరికోత అయిన మర్నాడు చేను చూసి కరువొచ్చిందన్నట్టుంటుంది.

పచ్చపిట్ట (హైదరాబాద్)

బాబాయ్ గారూ, వరిచేలో ఎవరూ తరతరాలుగా కాపురం ఉండరు. తోట వేరు, అడవి వేరు.

మార్బుల్డ్ మ్యూర్లెట్ అని ఒక చిన్న సముద్రపు పక్షి ఉంది. తిండంతా సముద్రంలో, గుడ్డు మాత్రం అడవిలో. తీరం నుంచి మైళ్ల కొద్దీ లోపలికి ఎగిరొస్తుంది. గూడు కట్టదు. ముసలి చెట్టుకి బాగా ఎత్తులో వెడల్పాటి కొమ్మ, ఆ కొమ్మ మీద మందంగా పట్టిన నాచు, నాచులో చిన్న గుంట, గుంటలో ఒకే ఒక్క గుడ్డు. అమెరికాలో ఇది ఎక్కడ గుడ్డు పెడుతుందో 1974 దాకా పక్షుల శాస్త్రవేత్తలకే తెలియదు. కాలిఫోర్నియాలో కొమ్మలు కొట్టడానికి చెట్టెక్కిన ఒక పనివాడికి కనబడింది. 1992లో దాన్ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. నలభై ఏళ్ల చెట్టుకి అలాంటి కొమ్మ రాదు. ఎన్ని కోట్ల మొక్కలు నాటినా, నలభై ఏళ్లకోసారి కొట్టేస్తూ పోతే దానికి చోటు ఎప్పటికీ దొరకదు. మచ్చల గుడ్లగూబకీ అంతే, ఒక్క జంటకి వేల ఎకరాల పాత అడవి కావాలి.

ఇంకో మాట, క్యాంపింగ్‌కి వెళ్లే తెలుగువాళ్లందరికీ. తిన్నాక పులిహోర మెతుకులు, చిప్స్ ముక్కలు అక్కడే దులిపేసి రాకండి. ఆ మెతుకులకి స్టెల్లర్స్ జే అనే కాకి జాతి పిట్టలు మూగుతాయి. అవి మెతుకులతో ఆగవు, మ్యూర్లెట్ గుడ్లూ తింటాయి.

గులకరాయి (కొర్వాలిస్, ఆరెగాన్)

నేను చేపల వైపు పనిచేస్తాను. వాగుల్లో దిగి కోహో అనే రకం సాల్మన్ పిల్లల్ని లెక్కపెట్టే ఉద్యోగం. చిరుజల్లు గారూ, చేపల కన్నా ముందు మీరు చూసిన ఆ కొండల చరిత్ర కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు.

అది చాలావరకు మనుషులు నాటిన అడవి. 1933 ఆగస్టులో కలప కొట్టే చోట ఒక మంట మొదలై దాదాపు 2,40,000 ఎకరాలు కాలిపోయాయి. మళ్లీ 1939లో, 1945లో, 1951లో, సరిగ్గా ఆరేళ్లకోసారి అంటుకుంది. ఇదే టిలమూక్ బర్న్. కాలిపోయిన భూమికి పన్ను కట్టడం దండగని యజమానులు వదిలేస్తే, అది కౌంటీల (ఇక్కడి జిల్లాల్లాంటివి) నెత్తిన పడింది. కౌంటీలు దాన్ని రాష్ట్రానికి అప్పగించాయి. ఊరికే ఇవ్వలేదు, చెట్లు పెరిగి కలప అమ్మినప్పుడు మాకు వాటా ఇవ్వాలన్న ఒప్పందంతో ఇచ్చాయి. 1948లో నాటే ఖర్చుకి రాష్ట్రం బాండ్లతో అప్పు తేవడానికి ఓటర్లు సరేనన్నాక 7 కోట్లకు పైగా మొక్కలు చేత్తో నాటారు. బడిపిల్లల్ని కూడా బస్సుల్లో తీసుకెళ్లి నాటించారు. 1973లో గవర్నర్ టామ్ మెకాల్ దానికి స్టేట్ ఫారెస్ట్ అని పేరు పెట్టారు.

అంటే ఇప్పుడు అక్కడ నిలబడ్డ చెట్లలో ఎక్కువ భాగం ఒకే ఈడువి. కౌంటీలు "మా తాతలు నాటింది, కోతకొచ్చింది" అంటాయి. పచ్చపిట్ట గారి లాంటివాళ్లు "ఇప్పుడిప్పుడే అడవి అవుతోంది, ఇంకో వందేళ్లు వదలండి" అంటారు. రెండూ ఆ చెట్ల గురించే.

గులకరాయి (కొర్వాలిస్, ఆరెగాన్)

ఇక చేపలు. సాల్మన్ సముద్రంలో పెరిగి, పుట్టిన వాగుకే ఎదురీది వచ్చి గుడ్లు పెడుతుంది. గోదావరి జిల్లాలవాళ్లకి పులస తెలుసు కాబట్టి సగం చెప్పక్కర్లేదు. కాకపోతే పులస గుడ్లు పెట్టాక సముద్రానికి తిరిగి పోగలదు, కోహో అక్కడే చచ్చిపోతుంది.

ఆడ చేప తోకతో గులకరాళ్లని చిమ్మి గుంట చేస్తుంది, గుడ్లు పెడుతుంది, పైన మళ్లీ రాళ్లు కప్పుతుంది. చలికాలమంతా ఆ రాళ్ల సందుల్లోంచి నీళ్లు పారుతుంటేనే గుడ్లకి ప్రాణవాయువు అందుతుంది. పైనుంచి సన్నటి బురద కొట్టుకొచ్చి సందులు పూడిపోతే లోపల గుడ్లు ఊపిరాడక చస్తాయి. ఆ బురద ఎక్కడిది? నరికిన కొండదే అనుకుంటాం. చాలాసార్లు అది రోడ్డుది. వానాకాలంలో లారీలు తిరిగే మట్టిరోడ్డు, దాని పక్క కాలువ తిన్నగా వాగులోకి దిగితే, చెట్టు కొట్టకపోయినా చేపకి నష్టం జరిగిపోతుంది.

పిల్ల కోహో సముద్రానికి పోయేముందు ఏడాదికి పైగా వాగులోనే ఉంటుంది. దానికి ఎండాకాలంలో చల్లటి నీళ్లు కావాలి, దాక్కోవడానికి మడుగులు కావాలి. నీడ గట్టు మీది చెట్లది. మడుగు, అదే చెట్టు వాగులో కూలి అడ్డం పడ్డప్పుడు ఏర్పడుతుంది. తమాషా ఏంటంటే, 1950ల నుంచి 70ల దాకా ఆ దుంగలు చేపలకి అడ్డమని ప్రభుత్వమే వాటిని లాగించి పారేసింది. ఇప్పుడు అదే ప్రభుత్వం హెలికాప్టర్లకి డబ్బులిచ్చి దుంగలు తెప్పించి వాగుల్లో వేయిస్తోంది.

ఆల్సీ నది దగ్గర చేసిన ప్రయోగం ఒకటుంది, 1959 నుంచి 1973 దాకా. పక్కపక్కనే మూడు వాగులు తీసుకున్నారు. ఫ్లిన్ క్రీక్‌ని అసలు ముట్టుకోలేదు. డీర్ క్రీక్‌లో ముక్కలు ముక్కలుగా నరికి, గట్టు చెట్లు వదిలారు. నీడిల్ బ్రాంచ్‌లో 1966లో వాగు అంచు దాకా నరికి, మిగిలిన చెత్త తగలబెట్టారు. మరుసటి ఏడాది నీడిల్ బ్రాంచ్‌లో నీటి గరిష్ఠ ఉష్ణోగ్రత 57 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 85కి పోయింది. మన లెక్కలో 14 నుంచి 29. గట్టు చెట్లు వదిలిన డీర్ క్రీక్‌లో అలాంటి మార్పు లేదు. విచిత్రంగా నీడిల్ బ్రాంచ్‌లో కోహో అనుకున్నంత పడిపోలేదు, కట్‌త్రోట్ ట్రౌట్ మాత్రం దారుణంగా పడిపోయింది. చేప చేపకీ తేడా ఉంటుంది.

అందుకే "నరకాలా వద్దా" అన్న ప్రశ్నతో నాకు పెద్దగా పని లేదు. వాగుకి ఎంత దూరంలో, ఎంత వాలు మీద, ఏ రోడ్డు వేసి నరుకుతున్నారు అన్నదే చూస్తాను.

మాజీ రేంజర్ (మంచిర్యాల)

చాలా బాగా చెప్పిందమ్మా గులకరాయి. నేను అటవీ శాఖలో రిటైర్ అయినవాడిని. టేకు కూపులు, అంటే అడవిని ముక్కలుగా పంచి చేసే కోతలు, వేయించినవాడిని, ఆపినవాడిని కూడా. నాకు ఒక్కటే సందేహం. మీ దగ్గర ఫారెస్టు వాళ్ల జీతం ఎక్కడి నుంచి వస్తది? అది చెప్పండి, ఏ చెట్టు నిలుస్తదో ఏ చెట్టు పడతదో నేను ఇక్కడ కూర్చుని చెప్తా.

చిరుజల్లు (బీవర్టన్, ఆరెగాన్)

రేంజర్ గారూ, మీరు అడిగాక కూర్చుని చదివాను. మతిపోయింది. స్టేట్ ఫారెస్ట్ కలప అమ్మితే వచ్చేదాంట్లో మూడింట రెండొంతులకి దగ్గరగా కౌంటీలకి పోతుంది. మిగతాది అటవీ శాఖకే, దాంతోనే వాళ్లు ఆ అడవుల నిర్వహణ చేసుకోవాలి. అంటే నరక్కపోతే సర్వే చేసేవాళ్లకి కూడా జీతం లేదు! క్లాట్సప్ కౌంటీలో జూయెల్ అని చిన్న ఊరుంది, వాళ్ల బడి బడ్జెట్‌లో పెద్ద భాగం కలప డబ్బే. అక్కడి తల్లిదండ్రులు మీటింగులకి వచ్చి "గుడ్లగూబకి ఇల్లు ఇవ్వండి, కానీ మా టీచర్‌ని తీసెయ్యకండి" అంటే ఏం సమాధానం చెప్తాం?

లిన్ కౌంటీ కేసు ఇంకా పెద్దది. "ఎక్కువ నరికితే మాకు ఎక్కువ వచ్చేది, మీరు తక్కువ నరికి మమ్మల్ని ముంచారు" అని కౌంటీలు రాష్ట్రం మీద కేసు వేశాయి. 2019లో జ్యూరీ 100 కోట్ల డాలర్లకు పైనే ఇవ్వమంది. 2022లో అప్పీల్ కోర్టు కొట్టేసింది.

మాజీ రేంజర్ (మంచిర్యాల)

అదీ సంగతి. చెట్టు మీద బతికేవాడినే చెట్టుకి కాపలా పెట్టారు. మా దగ్గర జీతం ట్రెజరీ నుంచి వచ్చేది, అది కొంత నయం. అయినా రెవెన్యూ టార్గెట్ అని పైనుంచి ఒక కాగితం వచ్చేది.

సమామిష్ బాబాయ్ (వాషింగ్టన్)

వాషింగ్టన్‌లోనూ అంతే. రాష్ట్రం చేతిలో 20 లక్షల ఎకరాలకు పైగా ట్రస్ట్ అడవి ఉంది, దాని ఆదాయం బడులు కట్టడానికి, కౌంటీలకి, యూనివర్సిటీలకి. అయితే 2022లో మా రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. ఈ భూములు ప్రజలందరివీ, ప్రతి చెట్టునీ డబ్బుగా మార్చాల్సిన అవసరం లేదు, అలాగని డబ్బు సంపాదించడం తప్పూ కాదు అని. పిటిషన్ వేసినవాళ్లు ఓడిపోయారు, కానీ ఆ తీర్పు చూపించి వాళ్లే సంబరపడ్డారు. 2025లో ఈ రాష్ట్ర భూముల్ని చూసే కొత్త కమిషనర్ రాగానే కాస్త పాత అడవుల వేలాలు కొన్నాళ్లు ఆపేశారు. ఎనభై తొంభై ఏళ్ల చెట్లు, ఎవరూ నాటకుండా వాటంతటవే వచ్చినవి. కోతకి అవే మంచివి, పక్షులకీ రేపు అవే కావాలి. అక్కడే చిక్కు.

నాకు ఈ ఆపడాలు నచ్చవు. ఇక్కడ ఆపితే కలప వాడకం ఆగుతుందా? బ్రిటిష్ కొలంబియా నుంచో ఇంకెక్కడి నుంచో వస్తుంది. మన కంటికి కనబడదు, అంతే.

మాజీ రేంజర్ (మంచిర్యాల)

> బాబాయ్ గారు రాసింది: ఇక్కడ ఆపితే కలప వాడకం ఆగుతుందా?

ఇది మేం చూసినం. 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఆర్డర్ ఇచ్చింది. కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ లేకుండా ఏ అడవిలోనూ చెట్టు కొట్టొద్దని. దేశమంతా గొడ్డళ్లు ఆగినయ్. అడవికి మంచే జరిగింది, కాదనను. కానీ ఇళ్లు కట్టడం ఆగలేదు కదా. బర్మా టేకు, మలేషియా దుంగలు, న్యూజిలాండ్ పైన్ ఓడల్లో దిగినయ్. 2014లో బర్మా దుంగల ఎగుమతి ఆపేస్తే మనవాళ్లు ఆఫ్రికా టేకు పట్టుకున్నరు. మన అడవి బతికింది, ఎవరి అడవి పోయిందో లెక్క రాసినోడు లేడు.

నందిగామ రైతు (ఎన్టీఆర్ జిల్లా)

అందరూ అడవి గురించే మాట్లాడుతున్నారు, కర్ర పండించే రైతు మాట ఒకటి వినండి. మా వైపు సుబాబుల్, ప్రకాశం వైపు సుబాబుల్, జామాయిల్, తీరం వెంట సరుగుడు. రాజమండ్రి, భద్రాచలం కాగితం మిల్లులకి కర్ర ఎక్కువగా మా పొలాల నుంచే పోతుంది. పరిశ్రమకి కావలసిన కర్ర రైతుల దగ్గర పండించుకోవాలి, అడవి మీద పడొద్దని 1988 అటవీ విధానంలోనే ఉంది. అది మన దగ్గర నిజంగా జరిగింది. సుబాబుల్ మూడు నాలుగేళ్లకి కొడతాం, మోడు నుంచి మళ్లీ చిగురేస్తుంది, దుక్కి దున్నే పని లేదు.

కానీ టన్నుకి ఎంత ఇస్తారనేది మా చేతిలో లేదు. ఒక ఏడాది ఒక కంపెనీ కర్ర తోలించుకుని నెలల తరబడి డబ్బులు ఆపింది. విసిగిపోయి చాలామంది తోటలు పీకేసి మిరప వేశారు. పోయి పోయి అడవి మీద మళ్లీ ఒత్తిడి పడేది ఇలాగే. అడవిని కాపాడాలంటే ముందు పొలంలో కర్రకి గిట్టుబాటు ధర చూడండి. ఈ మాట ఏ పర్యావరణ సభలోనూ వినపడదు.

పచ్చపిట్ట (హైదరాబాద్)

రైతు గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. నేనూ సభలకి వెళ్తాను, ఈ ముక్క ఎవరూ ఎత్తరు. ఒక్కటి మాత్రం, సుబాబుల్ కాగితం గుజ్జుకి పనికొస్తుంది, ఇంటి దూలానికి కాదు. లావు మాను కావాలంటే ఎవరైనా దశాబ్దాలు ఆగాలి. ఆ ఆగే ఓపిక రైతుకి ఎక్కడిది?

మాజీ రేంజర్ (మంచిర్యాల)

ఖాళీ కనబడితే మొక్కలు నాటుడు కూడా మంచిది కాదు. కడప లంకమలలో కలివికోడి 1986లో మళ్లీ దొరికినప్పుడు ఎక్కడ దొరికింది? పలచటి ముళ్లపొదల్లో. దట్టమైన అడవి దానికి పనికిరాదు. పొదల్ని బీడు అని రాసి తోట పెంచితే ఆ పక్షి పోయినట్టే. ఏ జీవికి ఏం కావాలో తెల్వకుండా పచ్చదనం అంటే కాదు.

సమామిష్ బాబాయ్ (వాషింగ్టన్)

మళ్లీ ఇక్కడికి వద్దాం. గుడ్లగూబ పేరు చెప్పి ఊళ్లని చంపేశారని ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ మండిపడతారు. 1990లో మచ్చల గుడ్లగూబని జాబితాలో పెట్టారు, 1991లో జడ్జి డ్వయర్ ఫెడరల్ అడవుల్లో వేలాలు ఆపేశారు, 1993లో క్లింటన్ పోర్ట్‌లాండ్ వచ్చి రెండు పక్షాలనీ కూర్చోబెట్టారు, 1994లో నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ ప్లాన్ వచ్చింది. మూడు రాష్ట్రాల్లో దాదాపు 2.4 కోట్ల ఎకరాల మీద. మిల్లులు మూతపడ్డాయి. ఇంత చేసి, గుడ్లగూబ పెరిగిందా? లేదు. ఇంకా తగ్గుతోంది.

పచ్చపిట్ట (హైదరాబాద్)

మిల్లు ఉద్యోగాలు గుడ్లగూబ కన్నా ముందే పడిపోవడం మొదలైంది బాబాయ్ గారూ. మిల్లుల్లో యంత్రాలొచ్చాయి, ప్రైవేటు భూముల దుంగలు కోయకుండానే జపాన్‌కి ఓడెక్కాయి. నింద మోయడానికి ఒక పక్షి దొరికింది. ఇక అది ఎందుకు తగ్గుతోందంటారా, తూర్పు నుంచి బార్డ్ గుడ్లగూబ వచ్చింది. ఒడ్డూ పొడుగూ ఎక్కువ, దొరికింది తింటుంది, దీన్ని తరిమేస్తుంది. పాత అడవిని అప్పుడు కాపాడి ఉండకపోతే మచ్చల గుడ్లగూబ ఈపాటికి మిగిలేదే కాదు.

సమామిష్ బాబాయ్ (వాషింగ్టన్)

ఇప్పుడు ఆ బార్డ్ గుడ్లగూబల్ని కాల్చి చంపుతారట. 2024లో ఫెడరల్ వాళ్లు ప్లాన్ ఒప్పుకున్నారు, ముప్పై ఏళ్లలో 4,50,000 దాకా. పక్షిని కాపాడ్డానికి పక్షిని చంపడం! దీన్ని సమతుల్యం అంటారా?

పచ్చపిట్ట (హైదరాబాద్)

చంపకపోతే ఒక జాతి మొత్తం పోతుంది. నాకూ మనసొప్పదు. మీ దగ్గర వేరే దారి ఉంటే చెప్పండి, లేకపోతే వెటకారం ఆపండి.

నిర్వాహకుడు

బార్డ్ గుడ్లగూబల గురించి దీని తర్వాత వచ్చిన పోస్టులన్నీ వేరే థ్రెడ్‌కి మార్చాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ కలప, చేపలు, అడవి లెక్కలు.

చిరుజల్లు (బీవర్టన్, ఆరెగాన్)

గులకరాయి గారూ, మా ఆఫీసులో ఒకాయన హెచ్‌సీపీ, హెచ్‌సీపీ అని తెగ టెన్షన్ పడుతున్నాడు. వాళ్ల నాన్నది టిలమూక్ దగ్గర మిల్లులో ఉద్యోగం. అదేంటి?

గులకరాయి (కొర్వాలిస్, ఆరెగాన్)

ఆవాస సంరక్షణ ప్రణాళిక. ఫెడరల్ చట్టం ప్రకారం జాబితాలో ఉన్న జీవికి హాని చేస్తే నేరం. నరికేచోట గుడ్లగూబ ఉండొచ్చు, వాగులో కోహో ఉండొచ్చు. అందుకని ప్రతి వేలానికి ముందు సర్వేలు, తర్వాత కేసులు. ఏ ఏడాది ఎంత కలప వస్తుందో ఎవరికీ తెలియదు. హెచ్‌సీపీ అంటే ముందే ఒప్పందం రాసుకోవడం: ఈ ఈ చోట్లు జంతువులకి వదిలేస్తాం, వాగుల వెంట ఇంత బఫర్, అంటే నరక్కుండా వదిలే చెట్ల పట్టీ, ఉంచుతాం, పాత రోడ్లు బాగుచేస్తాం. బదులుగా మిగతా చోట పనిచేస్తున్నప్పుడు అనుకోకుండా జరిగే హానికి మమ్మల్ని బాధ్యుల్ని చేయకండి అని. పశ్చిమ ఆరెగాన్ స్టేట్ ఫారెస్టులకి అలాంటి ప్రణాళికని బోర్డ్ ఆఫ్ ఫారెస్ట్రీ 2024 మార్చిలో 4-3 ఓట్లతో ఒప్పుకుంది. దాదాపు 6,40,000 ఎకరాలు, 70 ఏళ్లు, 17 జాతులు. కోహో, మ్యూర్లెట్, గుడ్లగూబ ఎలాగూ ఉన్నాయి, సూదిఆకులు తిని చెట్టు మీదే బతికే ఒక ఎలుక కూడా ఉంది అందులో.

ఓట్లు 4-3 అంటేనే అర్థమవుతుంది ఎంత గింజుకున్నారో. కలప తగ్గుతుంది, కౌంటీల ఆదాయం తగ్గుతుంది. మీ కొలీగ్ టెన్షన్‌లో అర్థముంది. నా అభిప్రాయం అడిగితే ప్రణాళిక సరైనదే, కౌంటీలకి వేరే ఆదాయం చూపించకుండా అమలు చేయడమే అన్యాయం. బడికి డబ్బు కలప నుంచే రావాలని ఎక్కడుంది? ఇలియట్ అడవి విషయంలో రాష్ట్రం ఆ పని చేసింది కూడా. కూస్ బే దగ్గరున్న ఆ అడవి బడుల నిధికి కట్టుబడి ఉండేది. 2017లో దాన్ని ప్రైవేటుకి అమ్మేయబోయి ఆగారు. తర్వాత బడుల నిధికి 22 కోట్ల డాలర్ల పైచిలుకు చెల్లించి, 2022 చివరికి అడవిని ఆ బాధ్యత నుంచి విడిపించారు. టిలమూక్‌కి అంత డబ్బు ఎవరు పెడతారనేది వేరే సంగతి.

నందిగామ రైతు (ఎన్టీఆర్ జిల్లా)

ఇదంతా ప్రభుత్వ అడవి. సొంత భూమిలో చెట్లున్న చిన్న రైతు సంగతేంటమ్మా? వాగు పక్కన నా చెట్లు నన్ను కొట్టుకోనివ్వరా?

గులకరాయి (కొర్వాలిస్, ఆరెగాన్)

మంచి ప్రశ్న అండీ. 2021 అక్టోబర్‌లో ఇక్కడ కలప కంపెనీలు, పర్యావరణ సంఘాలు ఒక ఒప్పందానికి వచ్చాయి, ప్రైవేట్ ఫారెస్ట్ అకార్డ్ అంటారు. రెండు వర్గాలూ ఎవరి ప్రతిపాదన వాళ్లు ప్రజల ఓటుకి పెట్టి కొట్టుకోబోతుంటే గవర్నర్ మధ్యలో పడి కూర్చోబెట్టారు. 2022లో చట్టమైంది. చేపలున్న వాగుల పక్కన బఫర్లు పెంచారు, పశ్చిమాన పెద్ద వాగులకి 110 అడుగుల దాకా. 5,000 ఎకరాల లోపు చిన్న భూస్వాములకి విడిగా సడలింపు ఉంది. తక్కువ బఫర్ ఎంచుకోవచ్చు, లేదా పెద్ద రూలు పాటించి, వదిలేసిన చెట్ల విలువకి పన్నులో రాయితీ తీసుకోవచ్చు.

నందిగామ రైతు (ఎన్టీఆర్ జిల్లా)

చెట్టు వదిలేస్తే పన్ను తగ్గిస్తారా. ఇది బాగుంది. మా దగ్గర వాగు గట్టున వదిలేస్తే పక్కవాడు కొట్టుకుపోతాడు.

మాజీ రేంజర్ (మంచిర్యాల)

బఫర్ ఎంత పెట్టినా రోడ్డు కింద తూము సరిగ్గా లేకపోతే చేప పైకి పోదు కదా? మా అడవి రోడ్ల మీద తూములన్నీ ఒకే సైజు, గుత్తేదారుకి ఏది చవక అయితే అది.

గులకరాయి (కొర్వాలిస్, ఆరెగాన్)

సరిగ్గా పట్టుకున్నారు సార్. పాత తూములు సన్నటి ఇనప గొట్టాలు. నీళ్లన్నీ ఆ గొట్టంలోంచి వేగంగా దూకి, కింది వైపు నేలని కోసేస్తాయి. కొన్నేళ్లకి గొట్టం అంచు గాల్లో వేలాడుతుంది, కింద మడుగు. పెద్ద చేప ఎగిరి ఎక్కొచ్చు. చూపుడువేలంత పిల్ల కోహో ఎండాకాలం చల్లటి నీళ్ల కోసం పైకి పోవాలంటే, ఆ మూరెడు ఎత్తు దాటలేదు. పైన మైళ్ల కొద్దీ మంచి వాగు ఖాళీగా ఉంటుంది.

వాషింగ్టన్‌లో దీని మీద ఆదివాసీ తెగలు గెలిచాయి. ప్రభుత్వంతో చేసుకున్న పాత ఒప్పందాల ప్రకారం చేపల్లో సగం వాటా పట్టుకునే హక్కు తెగలదని 1974లో జడ్జి బోల్ట్ చెప్పారు. చేపలే లేకపోతే ఆ హక్కేం చేసుకుంటాం, మీ తూములు తీసి సరిచేయండని తర్వాత కేసు వేశారు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు 4-4గా చీలిపోయింది, దాంతో కింది కోర్టు తీర్పే నిలిచింది. రాష్ట్రం ఇప్పుడు వేల కోట్ల రూపాయలకి సమానమైన ఖర్చుతో తూములు తీసి వంతెనలు వేస్తోంది.

చిరుజల్లు (బీవర్టన్, ఆరెగాన్)

ఇవన్నీ చదివాక ఏదో ఒకటి చేయాలనిపిస్తోంది. మామూలు మనిషి చేయగలిగింది ఏమైనా ఉందా? సంతకాలు పెట్టడం కాకుండా.

గులకరాయి (కొర్వాలిస్, ఆరెగాన్)

ఉంది. స్టేట్ ఫారెస్టులో వచ్చే ఏడాది ఎక్కడెక్కడ నరకబోతున్నారో ఏటా ముందే ప్లాన్ పెట్టి ప్రజల అభిప్రాయం అడుగుతారు. "చెట్లు నరకొద్దు" అని రాస్తే దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక్క సేల్, అంటే ఒక్క చోటి కలప వేలం, ఎంచుకోండి. మ్యాప్ తీసి మూడు చూడండి: కింద ఉన్న వాగు ఎఫ్ రకమా, ఎన్ రకమా, వాలు ఎంత, కొత్త రోడ్డు వాగుని ఎక్కడ దాటుతోంది. దాని మీద రెండు పేరాలు రాయండి. అలాంటి ఉత్తరానికి జవాబు వస్తుంది, ఒక్కోసారి రోడ్డు మారుతుంది కూడా.

సమామిష్ బాబాయ్ (వాషింగ్టన్)

ఎఫ్ అంటే చేపలున్నది, ఎన్ అంటే లేనిది, అవునా? చేపలే లేని పిల్లకాలువకి కూడా బఫర్ అడుగుతున్నారు ఇక్కడ. వాషింగ్టన్‌లో ఏళ్ల తరబడి దీని మీదే కొట్లాట. కొండ మీద అలాంటి కాలువలు లెక్కలేనన్ని. ప్రతిదానికీ అటూ ఇటూ చెట్లు వదిలేస్తే నరకడానికి మిగిలేదెంత? చిన్న భూముల వాళ్లు అమ్ముకుని ప్లాట్లు వేసేస్తారు. అప్పుడు చేపకి మీ బఫరూ ఉండదు, నా డగ్లస్ ఫరూ ఉండదు.

గులకరాయి (కొర్వాలిస్, ఆరెగాన్)

ప్లాట్ల భయం నాకూ ఉంది బాబాయ్ గారూ. అడవి పోయి ఇళ్లొస్తే చేపకి అంతకన్నా చేటు లేదు. ఆ ఒక్క విషయంలో కలప కంపెనీ నాకు శత్రువు కాదు.

కానీ ఎన్ వాగుని చేప లేదని వదిలెయ్యలేం. ఎఫ్ వాగులోకి వచ్చే చల్లటి నీళ్లు వాటినుంచే. అందులో కప్పలు, సాలమాండర్లు ఉంటాయి, అవి పక్కకి పెట్టినా సరే. గట్టి వానకి కొండచరియ విరిగితే అది ఎన్ వాగులోంచే కిందికి జారుతుంది. వాలు మీద చెట్లు వదిలి ఉంటే చరియతో పాటు మానులు, రాళ్లు వచ్చి కోహో వాగులో పడతాయి, కొన్నేళ్లకి అదే మంచి మడుగు. చెట్లు లేకపోతే బురద ఒక్కటే వస్తుంది. అందుకే మా ఆరెగాన్ కొత్త రూల్స్‌లో కాలువ మొత్తానికి కాకుండా, ఎఫ్ వాగులో కలిసేచోటు నుంచి పైకి కొంత దూరం, ఇంకా జారిపోయే వాలు ఎక్కడుందో అక్కడ చెట్లు ఉంచమన్నారు. ఏ వాలు జారుతుందో ముందే మ్యాప్‌లో గుర్తిస్తారు.

సమామిష్ బాబాయ్ (వాషింగ్టన్)

మ్యాప్ తప్పయితే?

గులకరాయి (కొర్వాలిస్, ఆరెగాన్)

తప్పని మీరు చూపిస్తే వచ్చి కొలుస్తారు. నేనూ వస్తాను, బూట్లు తెచ్చుకోండి. మీ ఇంటి వెనక కర్ర అరుగుకి కొన్న కర్ర ఎక్కడిదో మాత్రం ఈలోగా స్టోర్‌లో అడిగి ఇక్కడ రాయండి.